తాతయ్య కోసం వచ్చిన మీ అందరికీ

తాతయ్య పోయి ఈరోజుకి 20 రోజులు. మీరు పంపిన మెసేజ్‌లన్నీ చదివాను, కొన్నయితే మళ్లీ మళ్లీ చదివాను, కానీ ఎవరికీ సరిగ్గా జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. పేర్లు రాయడం లేదు. ఎవరి గురించి రాశానో చదివితే మీకే తెలుస్తుంది.

ముందుగా రక్తం ఇచ్చినవాళ్లకి. చివరి రెండు వారాలు ప్లేట్‌లెట్లు ఎక్కించిన కొద్దీ పడిపోతూనే ఉన్నాయి. ఎర్ర రక్తకణాలనైతే నెలకు పైగా నిల్వ ఉంచొచ్చు గానీ ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజుల్లోపే వాడేయాలి, అందుకే ప్రతిసారీ కొత్త మనిషి కావాల్సి వచ్చేది. ఒక్కసారి కూడా లేదనిపించుకోకుండా ఎవరో ఒకరు వచ్చారు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చి, మెషిన్ పక్కన గంటన్నర కూర్చుని ఇచ్చి వెళ్లిన తమ్ముడూ, నీకు ఆరోజు థాంక్స్ చెప్పానో లేదో కూడా నాకు గుర్తులేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మీలో చాలామంది తాతయ్య నోట్‌బుక్‌లో ఉన్నవాళ్లే. జేబులో పట్టే చిన్న పుస్తకం, ఒక్కో పేరు పక్కన బ్లడ్ గ్రూపు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారో ఆ తేదీ. మూడు నెలలు నిండకుండా ఎవరికీ ఫోన్ చేసేవారు కాదు, ఎంత అర్జెంటైనా సరే, ఇంకొకరిని వెతికేవారు. ఇచ్చిన మర్నాడు మాత్రం తప్పకుండా చేసి, కళ్లు తిరగలేదు కదా అని అడిగేవారు.

ఇక ఆ రాత్రి గురించి. దీనికోసమే అసలు ఇంత రాస్తున్నాను.

తాతయ్య ఎన్నో ఏళ్లు నేత్రదానం కోసం తిరిగారని మీకు తెలుసు. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్లాను. చావు జరిగిన ఇంటికి వెళ్లగానే ఆ మాట ఎత్తేవారు కాదు. ముందు కుర్చీలు సర్దేవారు, ఎవరికైనా ఫోన్లు చేయాలంటే చేసిపెట్టేవారు, ఆ తర్వాత ఇంట్లో కాస్త నిబ్బరంగా ఉన్నవాళ్లని పక్కకి పిలిచి మెల్లగా అడిగేవారు. వద్దంటే మళ్లీ అడిగేవారు కాదు, అలిగి వచ్చేసేవారూ కాదు, చివరిదాకా ఉండి అవే పనులు చేసి వచ్చేవారు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది అదే.

అలాంటి మనిషి మా ఇంట్లోనే పోతే, మాలో ఒక్కరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. రాత్రి రెండు దాటింది. అందరం ఏడుస్తున్నాం. పక్కింటి పిన్నిగారు లోపలికి వస్తూనే ఫ్యాన్ ఆపేశారు. ఎందుకో అర్థం కాలేదు. తాతయ్య తల కింద దిండు పెట్టి, రెప్పలు మూసి, తడి దూది అద్దారు. ఫ్యాన్ గాలికి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, ఎండిపోతుందట. 12 ఏళ్ల కిందట వాళ్లాయన పోయినప్పుడు ఇవన్నీ చేసింది తాతయ్యే. "బాబూ, ఆరోజు ఆయన మా ఇంటికొచ్చి ఏమడిగారో, ఇప్పుడు నేను నిన్ను అదే అడగాలి" అన్నారు నాన్నతో. తాతయ్య ఎప్పుడో సంతకం చేసిన కార్డు ఉంది, కానీ ఇంట్లోవాళ్లు సరేనంటేనే తీసుకుంటారు. 6 గంటల్లోపే జరగాలి.

అత్త ఒప్పుకోలేదు. ముఖం పాడవుతుందని భయపడింది. పిన్నిగారు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, అంతే, ఒత్తిడి చేయలేదు. కాసేపటికి అత్తే "పిలవండి" అంది.

ఐ బ్యాంక్ వాళ్లు నాలుగింటికల్లా వచ్చేశారు. తాతయ్యకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది, 81 ఏళ్లు, ఇవి పనికొస్తాయా అని నా టెన్షన్. శుక్లాల ఆపరేషన్‌లో మార్చేది లోపలి లెన్సు, మేం తీసుకునేది ముందున్న కార్నియా, వయసుతో ఇబ్బంది లేదు అని ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. పరీక్షల కోసం కాస్త రక్తం కూడా తీసుకున్నారు. అంతా కలిపి అరగంట కూడా పట్టలేదు. అత్త వెళ్లి చూసింది. ముఖం అలాగే ఉంది, నిద్రపోతున్నట్టు.

తర్వాత ఫోన్ చేసి, రెండూ బాగున్నాయని, ఇద్దరికి అమర్చామని చెప్పారు. ఎవరికో చెప్పరు. మేమూ అడగలేదు.

పిన్నిగారూ, మీరు రాకపోయి ఉంటే తెల్లారాక ఎప్పుడో గుర్తొచ్చేది, జీవితాంతం బాధపడేవాళ్లం. మీకు ఎలా చెప్పాలో నాకు నిజంగా తెలియడం లేదు.

ఐసీయూ నర్సులకి, అంబులెన్స్ అన్నకి, రెండు రోజులు మా పిల్లల్ని తమ ఇంట్లోనే ఉంచుకున్న ఎదురింటివాళ్లకి కూడా చాలా థాంక్స్.

తాతయ్య నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరుంది. కొన్ని నంబర్లు పనిచేయడం లేదు, మారినవాళ్లు దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. ఈ నెలలో ఇచ్చినవాళ్ల తేదీలన్నీ రాశాను. మూడు నెలలు నిండకుండా ఫోన్ చేయను.