రక్తపరీక్ష లేకుండా గుర్రాల రవాణా వద్దు

సంపాదకులకు,

పెళ్లి బరాత్‌లకు, ఊరేగింపులకు, బీచ్‌లో సవారీలకు గుర్రాలను డీసీఎం వ్యానుల్లో ఊరూరా తిప్పడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలే. 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం, వాటికి అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి. అయితే గుర్రాలకు సోకే గ్లాండర్స్ అనే అంటువ్యాధి విషయంలో పైపైన చూసి ఇచ్చే పత్రం చాలదు. ముక్కు నుంచి చిక్కటి పసుపుపచ్చ స్రావం కారకముందే, చర్మంపై పుండ్లు లేవకముందే, ఆరోగ్యంగా కనిపించే గుర్రం సైతం నీటితొట్టి ద్వారా తోటి గుర్రాలకు ఈ వ్యాధిని అంటించగలదు. ఆ ముక్కును ఉత్త చేతులతో తుడిచే మనిషికీ ఇది సోకుతుంది, ప్రాణం తీయగలదు. దీనికి టీకా కూడా లేదు.

2025లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన గుర్రాల్లో కొన్ని చనిపోవడంతో గ్లాండర్స్ అనుమానాలు తలెత్తి, రక్త నమూనాలను హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపాల్సి వచ్చింది. పరీక్షలో ఏం తేలినా, అది జరగాల్సింది బండి ఎక్కించే ముందు.

వ్యాధి నిర్ధారణ అయితే గుర్రాన్ని చంపక తప్పదు కాబట్టి, దానిమీదే బతికే యజమాని పరీక్షకు జంకడం సహజం, అందులో అతని తప్పేమీ లేదు. కనుక పశుసంవర్ధక శాఖ అధికారులు నమూనాలను ఉచితంగా సేకరించి, పరిహారాన్ని జాప్యం లేకుండా చెల్లించి, తాజా రక్తపరీక్ష నివేదిక లేని గుర్రాలను రాష్ట్ర సరిహద్దు దాటనివ్వకూడదని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్