స్లీప్‌లోంచి లేవని మానిటర్‌కి గ్రాఫిక్స్ కార్డుని బలి చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో వారం వారం వచ్చే టెక్నాలజీ పేజీ వదలకుండా చదువుతా. కొత్త ఫోన్ల గురించీ ఏఐ గురించీ బోలెడు రాస్తున్నారు, బానే ఉంది, కానీ ఊళ్లలో డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు నడిపేవాళ్లూ, పిల్లాడు ఏడ్చి గోల చేస్తే గేమింగ్ పీసీ కొనిచ్చినవాళ్లూ తరచుగా పడే ఒక తలనొప్పి గురించి మాత్రం ఒక్క ముక్క కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం. టీ తాగొచ్చేసరికి మానిటర్ స్లీప్‌లోకి పోయుంటుంది, మౌస్ కదిపితే మళ్లీ రాదు. నో సిగ్నల్ అని ఒక్క క్షణం చూపించి మళ్లీ నల్లగా అయిపోతుంది, కింద లైటు ఆరెంజ్‌లో వెలుగుతుంటుంది, సీపీయూలో ఫ్యాన్లు మాత్రం హాయిగా తిరుగుతుంటాయి. ఇంకేముంది, డబ్బా బండి మీద పెట్టుకుని రిపేరు షాపుకి పరుగు. అక్కడ ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెడతారు, విండోస్ ఫార్మాట్ కొడతారు, అప్పటికీ పోకపోతే "గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నా" అని, అంటే మానిటర్‌కి బొమ్మ పంపే కార్డే చెడిపోయిందని తేల్చేస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. గంటల తరబడి గేమ్ ఆడినా, వీడియో రెండరింగ్ పెట్టినా ఏమీ కాని కార్డు, మానిటర్ పడుకుని లేచినప్పుడు మాత్రమే డిస్‌ప్లే ఇవ్వట్లేదంటే, కార్డు పోయింది అనే మాట అన్నీ చూశాక చివర్లో అనాల్సింది, మొదట్లోనే అనేది కాదు.

అసలు ముందు పడుకుంది ఎవరో తెలుసుకోవాలి కదా. మానిటర్ ఒక్కటే ఆగిందా, కంప్యూటర్ మొత్తం స్లీప్‌లోకి పోయిందా అనేవి రెండూ వేరు, విండోస్ సెట్టింగ్స్‌లో కూడా ఈ రెండిటికీ టైము విడివిడిగానే ఉంటుంది. డిస్‌ప్లే లేనప్పుడు కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూడండి, లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బతికే ఉంది, బొమ్మ ఒక్కటే రావట్లేదు. పాట ఏదైనా పెట్టి వదిలేసుంటే అది వినిపిస్తూనే ఉంటుంది. నమ్ లాక్ కూడా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అది వేరే కథ, కంప్యూటరే నిద్రలోంచి సరిగ్గా లేవలేదని అర్థం, అప్పుడు బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్, డ్రైవరు (కార్డు లాంటివాటిని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్), ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటిచ్చే డబ్బా) అటువైపు చూడాలి. ఈ ఒక్క టెస్టు చేయకుండానే సీపీయూ విప్పేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కంప్యూటర్ బతికుందని తేలితే, విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి ఒకసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది, చిన్న బీప్ వస్తుంది, చాలాసార్లు బొమ్మ తిరిగి వచ్చేస్తుంది, తెరిచి ఉన్న ఫైళ్లు మామూలుగా ఎక్కడికీ పోవు. అలా వస్తే ఆ గొడవ కార్డుకీ మానిటర్‌కీ మధ్య మాట కుదరకపోవడమే ఎక్కువగా. దానికీ రాకపోతే మానిటర్ బటన్ కాదు, మానిటర్ కరెంటు వైరే గోడ ప్లగ్గులోంచి పీకి, అర నిమిషం ఆగి పెట్టండి. బటన్ నొక్కితే మానిటర్ పూర్తిగా ఆగదు, లోపలి చిన్న బోర్డు కరెంటులోనే ఉంటుంది, అది ఎక్కడో ఇరుక్కుపోతే ప్లగ్గు పీకితేనే దారికొస్తుంది.

ఈ మాట కుదరకపోవడం ఏంటో కొంచెం చెప్పాలి. కార్డు నుంచి మానిటర్‌కి బొమ్మ తీసుకెళ్లే కనెక్షన్ హెచ్‌డీఎంఐ అయినా డిస్‌ప్లేపోర్ట్ అయినా, మానిటర్ తగిలించి ఉందా లేదా అని కార్డుకి చెప్పడానికే ఒక పిన్ను ఉంటుంది, దాన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. ఆ సిగ్నల్ అందాకే కార్డు మానిటర్ని "నువ్వు ఎంత రిజల్యూషన్, ఎంత రిఫ్రెష్ రేటు" అని అడిగి, దాని వివరాలు చదువుకుని బొమ్మ పంపిస్తుంది. కొన్ని మానిటర్లు స్లీప్‌లోకి వెళ్లినా ఈ పిన్నుని అలాగే పట్టుకుని ఉంటాయి, కొన్ని డీప్ స్లీప్ అనే మోడ్‌లో దాన్ని కూడా వదిలేస్తాయి, ఫోన్ సైలెంట్లో పెట్టడానికీ స్విచాఫ్ చేయడానికీ ఉన్నంత తేడా. వదిలేస్తే విండోస్ దృష్టిలో మానిటర్ పీకేసినట్టే. డిస్‌ప్లేపోర్ట్‌లో ఈ గొడవ ఎక్కువ. రెండు మానిటర్లు పెట్టుకున్నవాళ్లకి తెరిచిన విండోలన్నీ ఒకే స్క్రీన్ మీదకి కుప్పపడేది కూడా ఇందుకే, దీనికి విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగ్స్ కింద మానిటర్ కనెక్షన్ని బట్టి విండోల చోటు గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఒకటి ఇచ్చారు, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

కాబట్టి మానిటర్ మెనూలోకి వెళ్లి డీప్ స్లీప్ అని ఉంటే ఆఫ్ చేయండి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, పవర్ సేవింగ్ అనో ఎకో అనో ఉంటుంది. ఇన్‌పుట్ సోర్స్ ఆటోలో ఉంటే అది కూడా తీసేసి మీరు వాడే పోర్టునే ఖాయం చేయండి, ఎందుకంటే ఆటోలో ఉన్న మానిటర్ లేవగానే ముందు హెచ్‌డీఎంఐ వెతికి, అక్కడ ఏమీ లేదని డిస్‌ప్లేపోర్ట్‌కి వచ్చేలోపు కార్డు విసుగొచ్చి ఊరుకుంటుంది, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఈ మెనూలు ఇంగ్లీషు, చైనీస్, జపనీస్ ఇలా సవాలక్ష భాషల్లో ఉంటాయి కానీ నేను చూసిన ఏ మానిటర్లోనూ తెలుగు లేదు, ఇన్ని లక్షల మందికి అమ్ముకుంటూ ఆ మాత్రం పెట్టలేరా అనిపిస్తుంది, సరే అది ఇంకో ఉత్తరం.

ఇప్పుడు కేబుల్ సంగతి, నా లెక్కలో అసలు దొంగ చాలాసార్లు ఇదే. మా వీధిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే తమ్ముడు ఒకడున్నాడు, మాఘమాసం ముహూర్తాల రద్దీలో వాడి పీసీకి ఇదే జబ్బు పట్టుకుంది, ఒక షాపు వాళ్లు కార్డు పోయింది, పాతది మాకిచ్చేస్తే కొత్తదాని రేటులో కొంత తగ్గిస్తాం అన్నారు. ఏ టెస్టు చేశారు అని అడిగితే సమాధానం లేదు. ఆ కార్డుని తెచ్చి నా సిస్టంలో పెడితే రాత్రంతా రెండరింగ్ పెట్టినా కిమ్మనలేదు, మానిటర్ ఎన్నిసార్లు పడుకున్నా లేచింది. వాడి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మార్చాక వాడి సిస్టంలో కూడా జబ్బు పోయింది. పోయిందన్న కార్డుని పాతది అని చవగ్గా తీసుకుని వాళ్లు ఏం చేసుకుంటారో మీరే ఊహించుకోండి.

కేబుల్లో ఏముంటుంది అంటారేమో, ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో 20వ పిన్ను 3.3 వోల్టుల కరెంటుది, అడాప్టర్ లాంటి వాటికి పవర్ ఇవ్వడానికి కార్డు వైపు, మానిటర్ వైపు రెండు చోట్లా ఉంటుంది. మామూలు కేబుల్లో ఆ పిన్నుని ఇటు నుంచి అటు కలపకూడదని ఈ స్టాండర్డ్ తయారుచేసే వీసా సంస్థ రూలు, అమెరికా వెళ్లే వీసా కాదండోయ్, వీడియో ఎలక్ట్రానిక్స్ వాళ్ల సంఘం. చవక కేబుళ్లు చేసేవాళ్లు కొందరు అన్ని పిన్నులూ కలిపేస్తారు. అప్పుడు కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు వెనక్కి పారుతుంది, కొన్నిసార్లు కంప్యూటర్ స్టార్టే కాదు, కొన్నిసార్లు స్లీప్‌లోంచి లేవదు. కంప్యూటర్ పూర్తిగా ఆపినా మదర్‌బోర్డు మీదో కార్డు మీదో చిన్న లైటు మినుకుమంటుంటే, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పీకగానే అది ఆరిపోతుంటే, అనుమానం ఇంక కేబుల్ మీదే పెట్టుకోవచ్చు. ముప్ఫై వేల కార్డుకి నూటయాభై రూపాయల కేబుల్ తగిలించి మళ్లీ కార్డుని తిట్టడం న్యాయం కాదు కదా, వీసా సర్టిఫైడ్ అని ఉన్నది కొనండి, అవసరం లేకుండా మరీ పొడుగు కేబుల్ కొనకండి.

కేబుల్ మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త, సీపీయూ వెనకాల డిస్‌ప్లే పోర్టులు రెండు చోట్ల ఉంటాయి, పైన నిలువుగా మదర్‌బోర్డువి, కింద అడ్డంగా కార్డువి. కంగారులో పైన పెట్టేసి అయ్యో ఇప్పుడు అసలే రావట్లేదు అంటారు, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలాంటి వాటిల్లో లోపల గ్రాఫిక్సే ఉండదు, వాటికి మదర్‌బోర్డు పోర్టులో బొమ్మ ఎక్కడినుంచి వస్తుంది?

డ్రైవర్ల విషయానికొస్తే, కొత్తది వేస్తే అన్నీ పోతాయి అనే నమ్మకం కూడా అంత మంచిది కాదు. 2025 మొదట్లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చినప్పుడు బ్లాక్ స్క్రీన్ వస్తోందని ప్రపంచమంతా గోలపెట్టారు, కంపెనీ ఒకదాని వెనక ఒకటి డ్రైవర్లు వదిలింది. ఏప్రిల్లో ఇచ్చిన 576.02 నంబరు డ్రైవర్లో చాలా బగ్గులు సరిచేశారు, కానీ కంప్యూటర్ స్లీప్‌లోంచి లేచాక కార్డు టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్లలో అంకె కదలకుండా ఆగిపోయే కొత్త బగ్గు వచ్చిపడింది, కొద్ది రోజుల్లోనే 576.15 అని హాట్‌ఫిక్స్, అంటే అర్జెంటుగా సరిచేసిన డ్రైవర్, ఇచ్చి సర్దారు. ఆ అంకె చూసి ఫ్యాన్ స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాడి గతేంటి? కాబట్టి నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత చెడితే డివైస్ మేనేజర్లో రోల్ బ్యాక్ చేసి పాత డ్రైవర్‌కి పొండి. కార్డు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చినవాళ్లు, అంటే ఏఎండీ నుంచి ఎన్‌విడియాకో అటు నుంచి ఇటో, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఫ్రీ టూల్‌తో పాతవన్నీ కడిగేసి కొత్తది వేసుకుంటే మంచిది.

ఊరికే ఊహించే బదులు, విండోస్ తనలో జరిగిన తప్పుల్ని రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టం లాగ్‌లో డిస్‌ప్లే పేరుతో 4101 నంబరు ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్ల పాటు పలక్కపోతే విండోస్ దానంతట అదే డ్రైవర్‌ని రీసెట్ చేసి అక్కడ రాసిపెడుతుంది, విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటే ఇది. ఆ నంబరు మానిటర్ లేచిన టైములోనే ఉంటే డ్రైవర్, పవర్ సెట్టింగ్స్ చూడాలి, గేమ్ మధ్యలో కూడా పదేపదే ఉంటే అప్పుడు కార్డు మీదా ఎస్‌ఎంపీఎస్ మీదా అనుమానపడండి. పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య లింకుని కరెంటు ఆదా కోసం పడుకోబెట్టే సెట్టింగ్ అది, దాన్ని ఆఫ్ చేసి కొన్ని రోజులు చూడొచ్చు, పోయేదేం లేదు.

"కంప్యూటర్ ఆపేసి మళ్లీ ఆన్ చేశా, అయినా అలానే ఉంది" అని చాలామంది అంటుంటారు. విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, షట్‌డౌన్ కొట్టినా విండోస్ లోపలి భాగం, డ్రైవర్ల పరిస్థితితో సహా, డిస్క్‌లో దాచుకుని మళ్లీ ఆన్ చేయగానే అదే తెచ్చి పెడుతుంది. డ్రైవర్ చెడి ఉంటే చెడినట్టే తిరిగొస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా మొదటినుంచి లోడ్ అవుతుంది. షట్‌డౌన్ కంటే రీస్టార్టే శుభ్రం అంటే మా సెంటర్‌కి వచ్చేవాళ్లు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు. కంట్రోల్ ప్యానెల్లో పవర్ బటన్లు ఏం చేయాలి అనే చోట ఈ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయొచ్చు, ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టంలో పెద్ద తేడా కూడా తెలీదు.

కార్డులు అసలు పోవని నేననట్లేదు. ఆన్ చేయగానే, విండోస్ రాకముందు బయోస్ స్క్రీన్ మీదే గళ్లు గళ్లుగా, రంగు చారలుగా కనిపిస్తే, వేరే సిస్టంలో పెట్టినా అదే వరస అయితే, అది కార్డే, ఏ సెట్టింగూ కాపాడదు. మన దగ్గర వోల్టేజీ ఎగుడుదిగుళ్లకి, ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లకి కార్డులు పోతుంటాయి కూడా. కానీ అది తేల్చాలంటే వేరే సిస్టంలో పెట్టి చూడాలి, వేరే కేబుల్ వేరే మానిటర్ మార్చి చూడాలి. రిపేరు షాపుల వాళ్లందరూ మోసగాళ్లు కాదు, నాకు తెలిసినవాళ్లలో రెండొందలు తీసుకుని నిజం చెప్పి పంపేవాళ్లూ ఉన్నారు. కానీ వస్తువు పోయింది అని చెప్పేటప్పుడు ఏ టెస్టు చేస్తే పోయిందని తేలిందో బిల్లు మీద ఒక లైను రాసివ్వమనండి, రాయడానికి వెనకాడితే ఇంకో షాపులో చూపించుకోండి. మరీ అన్యాయం అనిపిస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

కొంతమంది ఈ గొడవంతా ఎందుకని మానిటర్ స్లీప్‌నే నెవర్‌లో పెట్టేస్తున్నారు. దోషం ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు రోజులు అలా పెట్టడం వేరు, ఎప్పటికీ వదిలేయడం వేరు. ఓలెడ్ మానిటర్ అయితే కదలని బొమ్మ అలాగే అచ్చుపడిపోవచ్చు, మామూలు దానికి కూడా రాత్రంతా బ్యాక్‌లైటు దండగ, కరెంటు దండగ.

మీకు నా రిక్వెస్టు ఏంటంటే, వచ్చే వారం ఆ పేజీలో ఫోన్ రివ్యూ ఒకటి తగ్గించి ఈ నమ్ లాక్ టెస్టు, నాలుగు కీలు, కేబుల్ సంగతి ఒక బాక్సులో వేయండి. చుట్టుపక్కల షాపులవాళ్లు కూడా మీ పేపరే చదువుతారు. 20వ పిన్ను ఎక్కడుంటుందో చూపించడానికి ఫొటో కావాలంటే నా దగ్గర కేబుల్ ఉంది, తీసి పంపిస్తా.

ఇట్లు
డీటీపీ సెంటర్ నడిపే మీ పాఠకుడు,
ఖమ్మం