ఈ శ్రావణానికి మా దుకాణంలో ఉండేవి, ఉండనివి

మా దుకాణానికి వచ్చే అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం.

శ్రావణమాసం దగ్గర పడుతున్నందున, పేరంటాళ్ళకు తాంబూలంతో పాటు ఇవ్వడానికి ఈసారి ఏమేమి తెప్పించారని చాలామంది అడుగుతున్నారు. నిరుటికంటే ఈసారి మా దగ్గర రకాలు తక్కువగానే ఉంటాయి. సరుకు దొరకక కాదు, నిరుడు మేము చేసిన పొరపాటు వల్ల.

నిరుడు వరలక్ష్మీ వ్రతానికి ముందు జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలను మేము చాలా అమ్మాము. అవి నల్లబడవని టోకు వ్యాపారి చెప్పిన మాటను మేము వాడి చూడకుండానే మీకు అప్పజెప్పాము. దీపావళి నాటికి కొన్ని భరిణెల లోపల మచ్చలు పడ్డాయని, మూతలు రంగు మారాయని కబుర్లు వచ్చాయి. జర్మన్ సిల్వర్ పేరుకే సిల్వర్. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, అందులో వెండి ఉండదు. పైన వెండి పూత వేసినా అది పలుచనిదే కాబట్టి తేమా, చేతి చెమటా తగిలేకొద్దీ వన్నె తగ్గుతుంది. ఈ సంగతి చెప్పి అమ్మవలసిన మేము చెప్పకుండా అమ్మాము. సరుకు మాది, మాట పడింది మాత్రం వాయనమిచ్చిన ఇల్లాలు. అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.

డెబ్బై సెంటీమీటర్ల పాలిస్టర్ జాకెట్టు ముక్కలను కూడా ఈ ఏడాది నుంచి మానేశాము. వాటిని ఎవరూ కుట్టించుకోరన్నది మనందరికీ తెలిసిన రహస్యమే. ఒక మంగళవారం శనగలతో పాటు వచ్చిన ముక్క మరుసటి శుక్రవారం ఇంకొకరి తాంబూలంలోకి చేరుతుంది. తాను ఇచ్చిన ముక్కే, తాను కట్టిన దారంతో సహా, శ్రావణం ముగిసేలోగా తన ఒడిలోకే తిరిగి వచ్చిందని మా పాత ఖాతాదారు ఒకామె చెప్పి నవ్వారు. ‘ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం’ అన్నప్పుడు పుచ్చుకున్నావిడ ఇంట్లో ఆ వస్తువు నాలుగు రోజులైనా నిలవాలి కదా! అందుకని మంగళగిరి నూలు గుడ్డను నిండు మీటరు చొప్పున కోయించి ఉంచాము. మోచేతి వరకు చేతులు పెట్టించుకునేవారికి కూడా అది చాలుతుంది. ధర పాత ముక్కకు రెండింతలకు పైగా ఉన్న మాట నిజమే. నాలుగు చిల్లర వస్తువులు కలిపి ఇచ్చే బదులు పసుపు, కుంకుమ, తాంబూలం, శనగలతో ఈ ఒక్క ముక్క ఇస్తే ఖర్చు దాదాపు అంతే అవుతుంది.

భరిణెల స్థానంలో ఏటికొప్పాక నుంచి తెప్పించిన లక్క భరిణెలను పెట్టాము. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను చెక్కి, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను అదిమితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి నునుపుగా పరుచుకుంటుంది. ఇదే పనితనంతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఈసారి ముందే చెబుతున్నాను: ఇవి చేతిపని కాబట్టి యాభై భరిణెలు తీసుకుంటే యాభైలోనూ రంగు కాస్త అటూ ఇటూ ఉంటుంది, వీటిని నీళ్ళలో నానబెట్టి కడగకూడదు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలనుకునేవారికి ఇవి నచ్చకపోవచ్చు.

ఇత్తడి కుందులు ఎప్పటిలాగే తూకం లెక్కన ఇస్తాము. ఇత్తడీ వన్నె తగ్గుతుంది గానీ చింతపండుతో తోమితే మళ్ళీ మెరుస్తుంది. స్టీలు గిన్నెలు అడిగితే తెప్పిస్తాము. ఇనుము జాతి వస్తువును వాయనంలో ఇవ్వకూడదని కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు గనుక, ముందు మీ అత్తగారినో అమ్మగారినో అడిగి చూడండి.

సంచుల విషయం కూడా చెప్పాలి. 2022 చివరి నుంచి 120 మైక్రాన్లకంటే పలుచని ప్లాస్టిక్ సంచులపై దేశమంతటా నిషేధం ఉన్నందున మేము గుడ్డ సంచులే ఇస్తున్నాము. నానిన శనగలను గుడ్డ సంచిలో నేరుగా పోస్తే పక్కనున్న రవికె ముక్కకు తడి, పసుపు అంటుకుంటాయి. అందుకని ప్రతి సంచితో ఒక అడ్డాకు దొన్నెను ఉచితంగా ఇస్తున్నాము.

పిలిచినవారి సంఖ్యకు ఐదారు ఎక్కువగా, వ్రతానికి పది రోజుల ముందే చెప్పండి. ఏటికొప్పాక సరుకును ఆఖరి వారంలో తెప్పించడం మా వల్ల కాదు. వాడకుండా మిగిలినవాటిని శ్రావణం ముగిసేవరకు పూర్తి ధరకు వెనక్కి తీసుకుంటాము. నిరుడు మచ్చపడిన భరిణెలు మీ దగ్గరున్నా, మీరిచ్చినవారి దగ్గరున్నా, బిల్లు లేకపోయినా సరే తీసుకురండి. వాటి బదులు లక్క భరిణెలు ఇస్తాము.