అయస్కాంతం పెట్టని ట్రే లెక్క కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ల్యాబ్‌లో పెంచిన పండ్ల మొక్కలు బయటి వాతావరణానికి అలవాటు పడటానికి అయస్కాంత క్షేత్రం సాయం చేస్తుందన్న మాట ఈమధ్య మా కడియం నర్సరీల్లో బాగా వినిపిస్తోంది. కరెంటు పారితే అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టల (కాయిల్) పెట్టెలు అమ్మేవాళ్లూ తయారయ్యారు. నేను టిష్యూకల్చర్, అంటే ల్యాబ్ సీసాల్లో పెంచిన, అరటి మొక్కలు తెచ్చి, షేడ్‌నెట్ కింద గట్టిపరిచి గోదావరి లంకల రైతులకు అమ్ముతుంటాను. మొక్క ఎక్కడ పోతుందో మాకు తెలుసు. సీసాలో గాలి నిండా తేమే. అందుకే ఆకు మీద మైనపు పూత సరిగ్గా పట్టదు, పత్రరంధ్రాలకు మూసుకోవడం చేతకాదు, తిండి కూడా చాలావరకు మీడియంలో, అంటే సీసాలో మొక్క పెరిగే జెల్లీలో, కలిపిన చక్కెరే. అత్తారింటికి కొత్తగా వచ్చిన పిల్ల లాంటిది. వేళ్లకంటిన ఆ జెల్లీ (అగర్) శుభ్రంగా కడగాలి, కాస్త మిగిలినా బూజే. ఏప్రిల్‌లో కరెంటు పోయి పొగమంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు ఆగాయంటే చూడాలి మా టెన్షన్, గంట తిరక్కుండానే ట్రేలో ఆకులన్నీ వేలాడిపోతాయి.

అయస్కాంతమంటే వట్టి మోసమని నేననను. విత్తనాల మీద, మొక్కల మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. కొన్నిట్లో వేళ్లు బాగా వచ్చాయి, కొన్నిట్లో తేడాయే లేదు. ఎంత బలం, ఎంతసేపు అన్న దగ్గర ఒకరి లెక్కకు ఇంకొకరి లెక్కకు పొంతన కుదరదు. భూమికి ఉన్న అయస్కాంత బలం మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం). మీ పెట్టె బలమెంత అని అడిగితే, అమ్మడానికొచ్చినాయన బ్రోచర్ తిరగేశాడు. "పక్క ఊళ్లో దాదాపు అన్నీ బతికాయండీ" అన్నాడు. పెట్టె పెట్టని ట్రేలో ఎన్ని బతికాయంటే, అది లెక్కెయ్యలేదట! గాలిలో తేమ ఉండే ముసురు రోజుల్లో ఏ పెట్టే లేకుండానే మొక్క బాగా నిలదొక్కుకుంటుంది.

కొవ్వూరు ఉద్యాన పరిశోధన కేంద్రం వారికి మీ ద్వారా నా మనవి. ఒకే బ్యాచ్ అరటి మొక్కలు తీసుకుని, సగం ట్రేలకు కాయిల్ నడపండి. మిగతా సగానికీ కాయిల్ బిగించండి, కరెంటు మాత్రం ఇవ్వొద్దు. ఏది ఏదో నీళ్లు పెట్టే కూలీలకు గానీ, బతికినవి లెక్కపెట్టే వాళ్లకు గానీ తెలియకూడదు. కాయిల్ వేడెక్కుతుంది కాబట్టి ట్రేల ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, లేకపోతే వెచ్చదనం చేసిన పని అయస్కాంతం ఖాతాలో పడుతుంది. వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేయాలి. ఫలితం ఎటొచ్చినా మీ రైతు పేజీలో అంకెలతో సహా వేయండి.

– ఒక నర్సరీ రైతు, కడియపులంక, తూర్పు గోదావరి జిల్లా