మెట్రో బ్రేకులో దాగిన కరెంటు

సంపాదకులకు,

2017లో మొదలైన హైదరాబాద్ మెట్రోలో రైలు ఎక్కడుందో రేడియో ద్వారా ఎప్పటికప్పుడు తెలిసే సీబీటీసీ పద్ధతి ఉంది. వేగాన్ని, బ్రేకును చాలావరకు కంప్యూటరే చూసుకుంటుంది. ఆ కంప్యూటర్‌కు ఏ లెక్క ఇస్తున్నామన్నదే అసలు విషయం.

స్టేషన్ దాకా మోటార్లతో లాగి చివర్లో బ్రేకు వేసే బదులు, కాస్త ముందే కరెంటు ఆపి రైలును దొర్లనిస్తే కొన్ని సెకన్లు ఆలస్యమైనా విద్యుత్తు మిగులుతుంది. పల్లంలో మన ఆటోవాళ్లు చేసేదీ ఇదే! బ్రేకు వేసేటప్పుడు రైలు మోటార్లే జనరేటర్లలా మారి కరెంటు పుట్టిస్తాయి; ఆ కరెంటు అప్పుడే బయల్దేరే మరో రైలుకు అందేలా టైంటేబుల్ కూడా అల్లుకోవచ్చు.

ఉదయం అమీర్‌పేట రద్దీలో మాత్రం సెకన్లే ముఖ్యం. కాబట్టి వేళను బట్టి లెక్క మారాలి. ఈ దిశగా ఏం చేస్తున్నారో, ఎంత మిగులుతోందో అధికారులు ప్రజలకు చెప్పాలి.

– ఒక ప్రయాణికుడు, నాగోల్