ఎన్‌జీఈఎఫ్ స్థలంలో మొక్కలకు ముందు మట్టి పరీక్ష

కర్ణాటక పరిశ్రమల శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

బెంగళూరు బయ్యప్పనహళ్లిలో మూతబడ్డ ప్రభుత్వ విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీ ఎన్‌జీఈఎఫ్‌కు చెందిన 105 ఎకరాల్లో 65 ఎకరాలు వృక్షవనం చేస్తామని మీ ప్రభుత్వం చెప్పినప్పుడు కస్తూరినగర్ వైపు ఉండే మాలాంటివాళ్లం సంబరపడ్డాం. ఈ ఊళ్లో అంత జాగా అపార్టుమెంట్ల పాలు కాకపోవడమే గొప్ప. ఈ లేఖ కన్నడ ప్రతి మీ కార్యాలయానికి పంపుతున్నాను. తెలుగులో ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది.

అడిగేది ఒక్కటే. జనాన్ని లోపలికి వదిలే ముందు ఆ మట్టినీ, భూగర్భజలాన్నీ పరీక్షించి, ఏ నమూనా ఎక్కడ ఎంత లోతున తీశారో మ్యాపుతో సహా ఫలితాలు బయటపెట్టండి. ఇప్పటికే చేయించి ఉంటే మరీ మంచిది, ఆ నివేదిక అందరికీ చూపండి.

1956లో జర్మనీ కంపెనీ ఏఈజీ సహకారంతో మొదలై 2002లో మూతబడేదాకా అక్కడ ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు తయారయ్యాయి. ఆ రోజుల్లో ప్రపంచమంతటా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో పీసీబీ (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్) అనే విష రసాయనాలు వాడేవారు. వేడికి తట్టుకుంటాయి, తొందరగా మండవు అని. అంత మొండివి కాబట్టే నేలలో పడితే దశాబ్దాలైనా పోవు. లోహానికి పూత వేసే షాపుల్లో వాడే హెక్సావాలెంట్ క్రోమియం అనే మరో విషం తీరు వేరు. పీసీబీ మట్టిని అంటుకుని ఉంటే, ఇది నీటితో కదిలి బోర్లలోకి దిగుతుంది. పైపై మట్టి నాలుగు సంచులు ల్యాబుకు పంపితే తేలే సంగతి కాదు. ఇవి అక్కడ ఉన్నాయని నేననడం లేదు, చూడకుండా గేటు తీయొద్దంటున్నాను.

ఎక్కడ చూడాలి? ఫ్యాక్టరీ ప్లానులో షెడ్లు ఉంటాయి. పాత నూనె డ్రమ్ములు ఎక్కడ పేర్చేవారో, తుక్కు ఎక్కడ పోసేవారో, కడిగిన నీళ్లు ఎటు పోయేవో అందులో ఉండదు. అది అక్కడ పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చి అక్కడే రిటైరైన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నారు, డెబ్బై దాటినవాళ్లే ఎక్కువ. డ్రిల్లింగ్ మిషన్ దించకముందే వాళ్లను పిలిచి సర్వేయర్‌తో కలిపి ఆ జాగా అంతా నడిపించండి. ఖర్చు ఆటో చార్జీలూ కాఫీలూ. పదేళ్లాగితే అడగడానికి మనిషి దొరకడు. పెద్దలారా, ఇది చదివితే మీకు గుర్తున్నది ఒక కాగితం మీద గీసి పెట్టండి.

చెట్ల సంగతి. ఇరవై ఏళ్లకు పైగా వాటంతటవే పెరిగిన చెట్లున్నాయి. శుద్ధి పేరుతో నేలంతా గీకేస్తే వనం కోసం అడవిని కొట్టినట్టే. విషం తేలిన చోటే తవ్వండి, మిగతా చోట వేళ్లు కదపొద్దు. పరీక్ష పూర్తయ్యేదాకా అక్కడి బోరు నీళ్లు మొక్కలకు కూడా వద్దు. పిల్లల ఆటస్థలం ఫలితాలు చూశాకే గీయండి.

కలుషిత స్థలాలపై కేంద్రం 2025 జులైలో నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలంపై ప్రాథమిక అంచనా 90 రోజుల్లో తేలాలి, కాలుష్యానికి కారకులే ఖర్చు భరించాలి. ఇక్కడ ఫ్యాక్టరీ ప్రభుత్వానిదే, కారకులెవరని కోర్టుల చుట్టూ తిరిగే పని లేదు. చిత్తూరు పక్కనే రాణిపేటలో 1990ల్లో మూతబడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వ్యర్థం రెండు లక్షల టన్నులకు పైగా ఏళ్లకేళ్లు అలాగే పడి ఉంది. ఆ జాప్యం ఇక్కడ వద్దు.

సర్వే తేదీని గేటు దగ్గర కన్నడంతో పాటు తెలుగు, తమిళాల్లోనూ రాయించండి.

ఇట్లు,
కస్తూరినగర్ వాసి ఒకరు