కిటికీలోంచి రుమాలు

అయ్యా,

మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడు, చట్టమంటే భయం లేకపోతే మృగమేనని చాలామంది తేలిగ్గా తీర్పు చెప్పేస్తుంటారు. పండుగ ముందు రోజుల్లో విశాఖ బస్టాండులో నిలబడితే అది నిజమేననిపిస్తుంది. శ్రీకాకుళం బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి రుమాళ్లు, సంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా సీట్లలోకి చేరిపోతారు. దిగేవాళ్లకు దారి ఉండదు. తోసుకునేవారిలో, ఇంటికొచ్చిన అతిథికి కుర్చీ వేసి తాను నిలబడే పెద్దమనిషీ ఉంటాడు.

మరి 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి కమ్మినప్పుడు? జనం ప్రాణభయంతో పరుగెత్తారు. ఆ పరుగులోనే కొందరు స్పృహ తప్పినవారిని భుజాన వేసుకుని మోశారు. వాళ్లకు అలా చేయమని ఏ చట్టం చెప్పింది? సీటు కోసం తోయడం ఎంత సహజమో, ఇదీ అంతే సహజం.

వరుసలో నిలబడితే సీటు దొరుకుతుందన్న నమ్మకం లేనిచోట బుద్ధిమంతుడే నష్టపోతాడు. అదే మనిషి సింహాచలంలో కమ్మీల మధ్య గంటలకొద్దీ ఓపిగ్గా నిలబడతాడు. ముందున్నవారి తర్వాత తన వంతేనని అతనికి తెలుసు (వీఐపీల సంగతి వేరే చెప్పాలా!).

కాబట్టి క్రమశిక్షణ గురించి మైకులో ఉపన్యాసాలు చాలు. రద్దీ రోజుల్లో పల్లెవెలుగు బస్సులు ఆగేచోట కమ్మీలు కట్టించి, సీటు నంబరుతో టోకెన్లు ఇప్పించాలని, అందరూ దిగాకే ఎక్కనివ్వాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం